ఇల్లు చూసి బండి కొనకమ్మా

కాంటన్, మిషిగన్

చి. సౌ. శ్రావణికి,

నువ్వు పంపిన మూడు బళ్ల ఫొటోలూ వీడియోలూ చూశాను. మీ పెద్దమ్మ కూడా పక్కన కూర్చుని చూసింది. ఆ స్ప్రింటర్ లోపలి దేవదారు చెక్క సీలింగూ, కిటికీ కింద చిన్న వంటగట్టూ తనకి తెగ నచ్చాయి. నీ మనసూ దాని మీదే ఉందని నువ్వు రాసిన తీరులోనే తెలిసిపోయింది. ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి నువ్వూ కిరణూ యూటా, నెవాడా, ఒరెగాన్ తిరిగొస్తామంటే నాకు చాలా సంతోషంగా ఉంది. తిరగాల్సిన వయసు ఇదే. ఫోన్లో చెబితే కొన్ని జారిపోతాయి, బండి చూడటానికి వెళ్లేటప్పుడు చేతిలో కాగితం ఉంటే మేలు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

"ఈ మూడు కంపెనీల్లో ఏది మంచిది పెదనాన్నా?" అని అడిగావు. దానికి సూటిగానే జవాబు చెబుతాను. కానీ క్యాంపర్ వ్యాన్ అంటే ఒకే చాసిస్ మీద ఉన్న రెండు సరుకులు. కింద ఉన్నది బండి, పైన ఉన్నది ఇల్లు. కొనేవాళ్లలో చాలామంది ఇల్లు చూసి ముచ్చటపడి డబ్బు కడతారు. ఇంట్లో పంపు కారినా, ఫ్రిజ్ పాడైనా నువ్వూ కిరణూ ఒక శని ఆదివారాలు కూర్చుని బాగుచేసుకోగలరు. ఇంజనో గేర్‌బాక్సో పోతే నెవాడా ఎడారిలో రోడ్డు పక్కన ఆగిపోతారు, ఇల్లూ మీతోపాటే ఆగిపోతుంది. ఆ బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ మీకు పడుకోవడానికి చోటు ఉండదు. మామూలు కారు చెడిపోవడానికీ దీనికీ అదే తేడా. కాబట్టి ముందు బండి చూడు, ఆ తర్వాత ఇల్లు చూడు. చెక్కపని ఎంత బాగున్నా సరే.

ఆ స్ప్రింటర్ 2016ది, ఒహాయోలో తిరిగిన బండి. నేనైతే ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోతాను. మా గ్రేట్ లేక్స్ రాష్ట్రాల్లో శీతాకాలమంతా రోడ్ల మీద ఉప్పు పోస్తారు. మా డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతున ఉప్పు గనే ఉంది. ఆ ఉప్పు కలిసిన మంచునీళ్లు బండి అడుక్కి కొట్టుకుని, ఇనుప రేకుల అతుకుల్లోకి దూరి, అక్కడే కూర్చుని తినేస్తాయి. ఒహాయోలో పదేళ్లు తిరిగిన బండినీ, అరిజోనాలో పదేళ్లు తిరిగిన బండినీ పక్కపక్కన పైకెత్తి చూస్తే రెండూ ఒకే ఏడాదివంటే నమ్మలేవు.

కిందటి వేసవిలో ఇక్కడ మాకు తెలిసిన దంపతులు బ్రేకు నుంచి ఏదో చప్పుడొస్తోందని వాళ్ల క్యాంపర్‌ని నా దగ్గరికి తెచ్చారు. లోపల కాలు పెట్టగానే చెక్క వాసన, ఇత్తడి కొళాయి, అందంగా కుట్టిన పరుపు. స్నేహితుడి షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి కిందికి వెళ్లి చూశాను. అడుగంతా నిగనిగలాడే నల్ల పూత. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్ మొన ఆనించి బొటనవేలితో కాస్త నొక్కితే, మొన లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే గోధుమరంగు పొడి రాలింది. బ్రేకు ఆయిల్ గొట్టాలు వేలితో రుద్దితే పొలుసులు ఊడుతున్నాయి. అమ్మే ముందు ఎవరో తుప్పు మీదే పూత కొట్టించి పంపారన్నమాట. ఆ ఇల్లాలు ఏమీ మాట్లాడలేదు, లోపలికెళ్లి పరుపు మీద కూర్చుంది. వాళ్లు ఇంటికి పెట్టిన డబ్బు ఇంటికే సరిపోయింది, కింద బండి లేదు.

కాబట్టి పాత బండికి అడుగున కొత్తగా నల్లరంగు కనిపిస్తే సంతోషించకు, అనుమానించు. టార్చి, పాత దుప్పటి తీసుకెళ్లి కింద పడుకుని చూడు. జాకీ పెట్టే చోట్లు, వెనక స్ప్రింగులు బిగించే చోట్లు, బ్రేకు గొట్టాలు, పక్క తలుపు జారే పట్టా కింది అంచు, ముందు అద్దం చుట్టూ రబ్బరు కింద, పైకప్పు గాడి. స్ప్రింటర్లలో ఈ చివరి రెండు చోట్లా తుప్పు పొంగడం బాగా ఎరిగిన సంగతే. మీ డెన్వర్ వైపు చల్లే మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఇనుముకి మంచిది కాదు, స్థానిక బండైనా ఈ పరీక్ష మానకు.

ఇక కంపెనీల సంగతి.

మీ నాన్న ఫోన్లో "అన్నయ్యా, స్ప్రింటర్ అంటే మన టెంపో ట్రావెలర్ లాంటిదేగా?" అన్నాడు. వాడు మాటవరసకి అన్నాడు గానీ నిజంగానే చుట్టరికం ఉంది. బజాజ్ టెంపో వాళ్లు 1987లో తెచ్చిన ట్రావెలర్‌కి మూలం మెర్సిడెస్ వాళ్ల టీ1 వ్యాను. ఆ టీ1 స్థానంలోనే 1995లో యూరప్‌లో స్ప్రింటర్ వచ్చింది. తెనాలి నుంచి మనమంతా శ్రీశైలం వెళ్లిన బండీ, నువ్వు ముచ్చటపడుతున్న బండీ ఒకే వంశానివి. కాకపోతే ట్రావెలర్ దోర్నాల ఘాట్‌లో మొరాయిస్తే అక్కడి మెకానిక్కే సాయంత్రానికి బాగుచేసి పంపగలడు. స్ప్రింటర్‌కి ఈ దేశంలో ఆ సౌకర్యం లేదు. మెర్సిడెస్ కార్ల డీలర్లందరూ స్ప్రింటర్లు ముట్టుకోరు, దానికి వేరే అనుమతి ఉన్నవాళ్లే చూస్తారు. మీరు తిరగాలనుకుంటున్న తూర్పు ఒరెగాన్‌లో, మధ్య నెవాడాలో అలాంటి షెడ్డు వందల మైళ్ల దూరంలో ఉంటుంది.

స్ప్రింటర్‌ని చిన్నచూపు చూడటం లేదు. నడపడానికి అంత హాయి ఈ తరగతిలో వేరే బండి ఇవ్వదు. డీజిల్ ఇంజన్ మీద లక్షల మైళ్లు తిరిగినవి నేను చూశాను. దీన్ని మొదట ఫ్రైట్‌లైనర్ పేరుతోనూ డాడ్జ్ పేరుతోనూ అమ్మారు, 2010 నుంచి డాడ్జ్ పేరు పోయి మెర్సిడెస్ పేరు వచ్చింది. కాబట్టి ఎవరైనా "అది డాడ్జ్, ఇది బెంజ్" అని ధరలో తేడా చెబితే లోపల యంత్రం ఒకటేనని గుర్తుపెట్టుకో. ఇంకో విచిత్రం. 1960లలో ఐరోపా దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం వేశాయని, బదులుగా ఇక్కడి ప్రభుత్వం బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది. ఇప్పటికీ దాన్ని కోడి పన్ను అనే అంటారు. అది తప్పించుకోవడానికి జర్మనీలో తయారైన స్ప్రింటర్లను విప్పి, ఓడల్లో పంపి, సౌత్ కెరొలైనాలో మళ్లీ బిగించేవాళ్లు. అక్కడ పూర్తి స్థాయి ఫ్యాక్టరీ వచ్చింది 2018లో.

నువ్వు చూసిన 2016 మోడల్‌లో ఉన్నది మూడు లీటర్ల వీ6 డీజిల్, ఓఎం642 అంటారు. గట్టి ఇంజనే. దాని బలహీనత ఒకటి, ఆయిల్ కూలర్ కింది రబ్బరు సీళ్లు. అవి ఇంజన్ రెండు వరసల మధ్య లోయలో ఉంటాయి. సీలు ఖరీదు తక్కువే, దాన్ని చేరుకోవడానికి పైనున్న సామానంతా విప్పాలి, కూలి తడిసి మోపెడవుతుంది. ఇంజన్ వెనక భాగం, గేర్‌బాక్స్ పైభాగం ఆయిల్‌తో తడిసి ఉందేమో చూడు. అసలు తలనొప్పి పొగ శుద్ధి చేసే సామానుతో వస్తుంది. మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, యూరియా ద్రవం పోసే డెఫ్ ట్యాంకు, దాని హీటరు, నాక్స్ సెన్సార్లు. డెఫ్ ద్రవం సున్నా కింద 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, అందుకే ట్యాంకులో హీటరు పెడతారు. ఆ హీటరో సెన్సారో పోతే బండి బాగానే నడుస్తున్నా, ఇంక కొన్నిసార్లే స్టార్ట్ అవుతానని తెర మీద లెక్క చూపిస్తుంది. లెక్క అయిపోతే స్టార్ట్ కాదు. చట్టం కోసం పెట్టిన ఏర్పాటు అది. ఎడారి మధ్యలో ఆ లెక్క తగ్గుతూ ఉంటే మనిషి పడే ఆందోళన నాకు తెలుసు, అలాంటప్పుడు డ్రైవర్లు నాకు ఫోన్లు చేసేవాళ్లు.

2016 మోడల్ కాబట్టి దీనికి మరో మెలిక. 2020లో మెర్సిడెస్ మాతృసంస్థ డైమ్లర్, డీజిల్ పొగ విషయంలో అమెరికా ప్రభుత్వంతో దాదాపు 150 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2016 దాకా వచ్చిన డీజిల్ కార్లూ స్ప్రింటర్లూ కలిపి సుమారు రెండున్నర లక్షల బళ్లు అందులోకి వచ్చాయి. వాటికి ఉచితంగా మార్పులు చేసి, కొన్ని భాగాలకు వారంటీ పొడిగించారు. ఈ బండికి ఆ పని జరిగిందా, కాగితం ఉందా అని అడుగు. ఎవరైనా డీపీఎఫ్ పీకేసి, కంప్యూటర్‌ని మోసం చేయించి ఉంటే ఆ బండి జోలికే వెళ్లకు. అది చట్టవిరుద్ధం, పైగా డెన్వర్‌లో పొగ పరీక్ష నెగ్గదు.

రెండోది రామ్ ప్రోమాస్టర్. నువ్వు చూసిన 2019 బండి ఇదివరకు అద్దెకు తిప్పిందని రాశావు. ఇది ఇటలీ ఫియాట్ డుకాటోనే. ఐరోపాలో మోటర్‌హోమ్‌లు ఎక్కువగా కట్టేది దాని మీదే. 2014 మోడల్‌గా ఇక్కడికి వచ్చింది, మెక్సికోలోని సాల్టిల్లోలో తయారవుతుంది. ఇంజను మాత్రం క్రైస్లర్ వాళ్ల 3.6 లీటర్ల పెంటాస్టార్ పెట్రోలు వీ6. జీప్‌లలో, క్రైస్లర్ మినీవ్యాన్లలో ఉండేది అదే కాబట్టి చిన్న ఊళ్లోనైనా దాన్ని ఎరగని మెకానిక్ ఉండడు. మూడిట్లో ఇది చవక. చక్రాలు తిరిగేది ముందు కాబట్టి అడుగున షాఫ్ట్ లేదు, నేల కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం సులువు. గోడలు నిటారుగా ఉండి లోపలి వెడల్పు సుమారు 75 అంగుళాలు. మిగతా రెండూ 70 దగ్గర ఆగిపోతాయి. అంటే దీన్లో మంచం అడ్డంగా వేసుకోవచ్చు, బోలెడంత చోటు కలిసొస్తుంది.

మీకు దీనితో ఇబ్బంది ఎత్తు దగ్గర వస్తుంది. లోపలి ఎత్తు 76 అంగుళాలు అనుకుంటే, నేలకి ప్లైవుడ్, పైన దూదిపొర, చెక్క సీలింగ్ వేశాక 72కి దిగుతుంది. కిరణ్ ఆరడుగులు. మూడు నెలలు తల వంచుకుని వంట చేయాలి, బట్టలు మార్చుకోవాలి. ఒక పూట చూసి రావడంలో అది తెలియదు. మీరిద్దరూ లోపలికెళ్లి, తలుపు వేసుకుని, అరగంట ఉండి కాఫీ కలుపుకుని తాగి రండి. ఇక బండి విషయానికొస్తే, స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని ఒకవైపు నుంచి చప్పుడొస్తే రాకర్ ఆర్మ్‌లు అరిగాయని అర్థం. ఆయిల్ ఫిల్టర్ బిగించే ప్లాస్టిక్ గూడు పగిలి ఆయిల్ కారడమూ ఈ ఇంజన్‌కి మామూలే. వైపర్ల కింది ప్లాస్టిక్ మూత నుంచి వాననీళ్లు ఇంజన్ మీద పడ్డ మరకలున్నాయేమో చూడు. వెనక బరువెక్కువై ముందు చక్రాలు నడిపే బండి కాబట్టి నిటారు కంకర దారిలో పైకెక్కేటప్పుడు చక్రాలు ఊరికే తిరుగుతాయి. యూటాలో మీరు క్యాంపు చేయాలనుకునే చోట్లన్నీ అలాంటి దారుల చివరే ఉంటాయి. అద్దెకు తిరిగిన బండి అనగానే ముఖం ముడవకు. చేతులు మారితే మారాయి, అద్దెకు తిప్పినవాళ్లు వేళకి ఆయిల్ మార్చిన రికార్డు పెట్టి ఉంటారు. ఆ రికార్డు చూపించకపోతే అప్పుడు ముఖం ముడుచుకోవచ్చు.

మూడోది అరిజోనా నుంచి వచ్చిన 2016 ఫోర్డ్ ట్రాన్సిట్. ఫొటోల్లో అన్నిటికన్నా సాదాగా ఉన్నది ఇదే. తెల్ల గోడలు, మామూలు ప్లైవుడ్ మంచం, చవక రకం గట్టు. నేను మీకు చెప్పేది ఇదే.

ఎందుకంటే, 2015 మోడల్ నుంచి ఫోర్డ్ తన పాత ఎకానొలైన్ వ్యాన్ల స్థానంలో దీన్ని తెచ్చింది. మిస్సోరీలో, కాన్సాస్ సిటీ దగ్గర తయారవుతుంది. డెలివరీలకి, ఎయిర్‌పోర్టు షటిళ్లకి, ప్లంబర్లకి దేశమంతా ఇదే. ఫోర్డ్ షెడ్డు లేని పట్టణం ఉండదు, స్పేర్ పార్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. హై రూఫ్‌లో లోపలి ఎత్తు 81 అంగుళాల పైన, నేలా సీలింగూ వేసినా కిరణ్ తల ఎత్తుకుని నిలబడతాడు. వెడల్పు తక్కువ కాబట్టి ఆరడుగుల మనిషి అడ్డంగా పడుకోలేడు. మంచం పొడుగునా వేసుకోవాలి, లేదా పక్క గోడలు బయటికి ఉబ్బించే ఫైబర్ తొడుగులు పెట్టించాలి. నువ్వు పంపిన దాంట్లో మంచం పొడుగునానే ఉంది, సరిపోతుంది.

దీనికి రెండు రకాల పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. మామూలు 3.7 లీటర్ల వీ6, రెండు టర్బోల 3.5 ఎకోబూస్ట్. మీ బండిలో మామూలుది ఉంది. కొండల్లో ఉండేవాళ్లకి ఇక్కడో లెక్క చెప్పాలి. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి 275 గుర్రాల ఇంజన్‌లో దాదాపు మూడో వంతు పోతుంది. ఎకోబూస్ట్‌కి ఆ నష్టం పెద్దగా ఉండదు. అయినా నేను మామూలు ఇంజన్ వైపే ఉంటాను. టర్బో, దాని గొట్టాలు, దాని వేడి, ఇవన్నీ పాత బండిలో చెడిపోవడానికి దారులే. మీకు తొందరేముంది? కుడిపక్క లారీల లేన్‌లో నెమ్మదిగా ఎక్కండి. ఒకవేళ ఎకోబూస్ట్ బండే దొరికితే, రాత్రంతా ఆపి ఉంచి ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గలగలమని గొలుసు చప్పుడు రెండు మూడు సెకన్లు వస్తుందేమో విను. వస్తే టైమింగ్ చైన్ సాగింది.

ట్రాన్సిట్‌లో మీరు తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్ మీద, అతుకు దగ్గర, అరచేయంత నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. చుట్టూ బోల్టులు ఉంటాయి. 2015 నుంచి 2017 దాకా వచ్చిన బళ్లలో ఆ రబ్బరు చిట్లి, షాఫ్ట్ విడిపోయే ప్రమాదం ఉందని ఫోర్డ్ 2017లో సుమారు నాలుగు లక్షల బళ్లు వెనక్కి పిలిచింది. ఆ పని డీలరు ఉచితంగా చేస్తాడు. మీ బండికి చేశారా లేదా అన్నది రోడ్డు భద్రతా సంస్థ వాళ్ల రీకాల్ పేజీలో విన్ నంబర్ కొడితే తెలుస్తుంది. చేసినా సరే, టార్చి వేసి బోల్టుల దగ్గర రబ్బరు వెంట్రుకవాసి చీలికలు పడిందేమో చూడు. నడుస్తుంటే కింద నుంచి దడదడ, గేరు పడినప్పుడు టక్కుమనే దెబ్బ ఉంటే అదే కారణం కావచ్చు.

ఈ బండికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదని నువ్వు బాధపడుతున్నావు. ట్రాన్సిట్‌కి ఫ్యాక్టరీ నుంచి ఆల్ వీల్ డ్రైవ్ వచ్చింది 2020లో, దాని ధర మీకు అందదు. కొలరాడో చట్టం ఐ-70 కొండల భాగంలో సెప్టెంబరు నుంచి మే చివరి దాకా అడిగేది తగినంత గాడి లోతున్న మంచు టైర్లు గానీ, గొలుసులు గానీ, ఆల్ వీల్ డ్రైవ్ గానీ. నాలుగు మంచి శీతాకాలపు టైర్లు వేయించు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి. 1518 అంటే 2018లో పదిహేనో వారం. గాడి ఎంత లోతున్నా అంత పాతబడినవి బరువు బండికి పనికిరావు, వాటి ఖర్చు ధరలోంచి తగ్గించమను.

కిరణ్‌కి పాత ఫోక్స్‌వ్యాగన్ వెస్ట్‌ఫాలియా మీద మోజుందన్నావు. అందమైన బండే, నాకూ ఇష్టమే. కానీ వానగన్ ఇక్కడ అమ్మింది 1991 వరకే. చివరి ఇంజన్‌కి కూడా బలం తక్కువే, సిలిండర్ హెడ్ల దగ్గర నీళ్లు కారడం దాని పుట్టు జబ్బు. దాన్ని పెంచుకోవడమే ఒక వ్యాపకం, మూడు నెలల ప్రయాణానికి కాదు. చేతిలో డబ్బు తగ్గితే మాత్రం షెవర్లే ఎక్స్‌ప్రెస్ మీద కట్టిన రోడ్‌ట్రెక్ లాంటివి చూడండి. 1996 నుంచి పెద్దగా మారని వ్యాను, మొరటుగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. రోడ్‌ట్రెక్ కట్టిన కెనడా కంపెనీ 2019లో ఆర్థికంగా కూలిపోయి తర్వాత ఫ్రాన్స్ వాళ్ల చేతికి వెళ్లింది. కాబట్టి పాత వారంటీ కాగితం చూసి ధైర్యపడకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ట్రాన్సిట్ కట్టినతను ఇంట్లోనే సొంతంగా చేశాడన్నావు. అయితే ఒక ప్యానెల్ విప్పి వైర్లు చూపించమను. మంచి పనైతే ప్రతి తీగకీ ఫ్యూజు, చివర్లకి నొక్కిన లగ్గులు, రేకు గుండా వెళ్లే చోట రబ్బరు రింగు ఉంటాయి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే మొత్తం తీసి మళ్లీ వేయించుకోవాలి, ఎందుకంటే ఆ టేపు కింద నిప్పు పుడితే మీరు పక్కనే నిద్రపోతూ ఉంటారు. ఫ్యానుకీ సోలారు పలకలకీ పైకప్పు కోసిన చోట్ల లోపలి నుంచి వేలితో తడుము. మెత్తబడ్డ చెక్క, పాలిపోయిన మరక, మగ్గిన వాసన ఉంటే నీళ్లు దిగుతున్నట్టే. ఒక గొట్టంతో పదిహేను నిమిషాలు పైన నీళ్లు కొట్టి లోపల కూర్చో. హీటరు ఎవరు బిగించారు, పొగ గొట్టం బయటికి సరిగ్గా వెళ్తోందా అని తప్పకుండా చూడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీద తయారీ తేదీ ఉంటుంది. పాతదైతే కొత్తది కొనుక్కున్నాకే అందులో నిద్రపోండి. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేటైతే, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే చెడిపోతుంది. చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందా అని అడుగు.

పోపు పెట్టేవాళ్లు వంట దగ్గర కూడా ఆలోచించాలి. ఈ బళ్లు కట్టేవాళ్లు రొట్టె కాల్చుకునేవాళ్లని మనసులో పెట్టుకుని కడతారు. ఆవాలు చిటపటలాడి మిరపకాయ వేగితే ఆ ఘాటు పరుపుకి పట్టి వారం ఉంటుంది. పొయ్యికి దగ్గర్లో బయటికి లాగే ఫ్యాను ఉండాలి. వంద ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1,280 వాట్-అవర్లు ఉంటాయి. అయిదు వందల వాట్ల రైస్ కుక్కర్ అరగంట పెడితే 250 పోతాయి. ఇండక్షన్ మీద పప్పూ కూరా కూడా అంటే ఒక బ్యాటరీ చాలదు, రెండుండాలి.

బరువు తూచకుండా కొనకండి. డ్రైవరు తలుపు చట్రం మీద స్టిక్కరు ఉంటుంది, బండి మొత్తం ఎంతకు మించకూడదో అందులో రాసి ఉంటుంది. హైవే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని తూకపు పలకలుంటాయి, కొద్ది డాలర్లతో తూచి కాగితం ఇస్తారు. ముప్పై గ్యాలన్ల నీళ్లే 250 పౌండ్లు. దేవదారు చెక్క, గ్రానైట్ గట్టు పెట్టిన బళ్లు మనుషులు ఎక్కకముందే హద్దు దగ్గరికి వచ్చి ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను, విను. మేలో మీ అమ్మానాన్నలు వస్తే వెనక మంచం మీద కూర్చోబెట్టి ఎల్లోస్టోన్ తీసుకెళ్తానన్నావు. వద్దమ్మా. ఆ బండిలో బెల్టులున్న సీట్లు రెండే. ఇంట్లో చేసిన బెంచీకి బెల్టు బిగించినా, అది ప్లైవుడ్‌కి బిగించింది. గట్టిగా బ్రేకు వేస్తే బెంచీతో సహా ముందుకొస్తారు. వాళ్లు వచ్చినప్పుడు కారు అద్దెకు తీసుకో, రాత్రిళ్లు వాళ్లని లాడ్జిలో పడుకోబెట్టు. నలుగురూ ఒకే బండిలో తిరగాలనే ఉంటే ఫ్యాక్టరీ సీట్లతో వచ్చిన ట్రాన్సిట్ ప్యాసెంజర్ వ్యాను వేరే వెతుకుదాం, అది దొరుకుతుంది. ఆ ముచ్చట తీరడానికి ఇంకో నెల పట్టినా ఫరవాలేదు.

కాగితాల్లో టైటిల్ మీద సాల్వేజ్ అనో ఫ్లడ్ అనో ముద్ర ఉందేమో చూడు. ప్రభుత్వ టైటిల్ రికార్డుల నివేదిక కొద్ది డబ్బుకే దొరుకుతుంది. డబ్బు కట్టే ముందు ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడు, సొంతంగా కట్టిన క్యాంపర్లకి పాలసీ ఇవ్వడానికి కొందరు వెనకాడతారు.

అరిజోనా బండి యజమానికి ఇవాళే ఫోన్ చేసి మూడు అడుగు. విన్ నంబరు, ఆయిల్ మార్చిన రసీదులు, రీకాల్ పని కాగితం. చూడటానికి పొద్దున్నే వస్తామని, అప్పటిదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు. వేడెక్కిన ఇంజన్ సగం జబ్బులు దాచేస్తుంది. అక్కడ అతనికి సంబంధం లేని మెకానిక్‌ని మీరే వెతికి, లిఫ్ట్ ఎక్కించి చూపించండి. దానికి ఒప్పుకోకపోతే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. మెకానిక్ ఫీజు నాది, కిరణ్‌తో వాదించవద్దని చెప్పు. బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి, ఎంత పొద్దున్నైనా ఎత్తుతాను. విన్ నంబరు రాగానే రీకాల్ సంగతి నేనూ చూసి పెడతాను.

మీ పెద్దమ్మ ఇద్దరినీ అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న